ఊరి రేడియోలో మాయమైన గొంతులు

మా ఊరి రేడియోలోంచి మేయరుగారి గొంతు మాయమైన రోజున వ్రబినాలో ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు. చర్చి వీధిలో ఒకరిద్దరైతే మూసి ఉన్న కిటికీలు తెరిచి మరీ విన్నారని ఆనక తెలిసింది.

రేడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. పంచాయతీ ఆఫీసు వెనక గదిలో ఒక మైకు, ఒక కంప్యూటరు, ఒక బీరువా, నేను. బయట ఊరంతా స్తంభాలకు బిగించిన ముప్పై ఎనిమిది బాకా స్పీకర్లు. నా పేరు ఓటిలియా. నీళ్లు ఎప్పుడు ఆగిపోతాయో, చెత్తబండి ఏ రోజు వస్తుందో, ఎవరు పోయారో, ఎవరికి ఎన్నేళ్లు నిండాయో ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ ఊరికి చెబుతున్నదాన్ని. చెప్పే ముందు పాట వేస్తాను. హుషారు పాటైతే పుట్టినరోజు, ఈడ్చుకుంటూ సాగేదైతే చావు. పాట మొదలవగానే ఊరు చెవులు రిక్కిస్తుంది. నా మాట మొదలవగానే సగం మంది ఎవరి పనిలో వాళ్లు పడిపోతారు. నాకేం బాధ లేదు, జీతం మాత్రం మొత్తం వస్తుంది.

డెబ్బై దాటినవాళ్లకు ఏటా పుట్టినరోజు నాడు, మధ్యాహ్నం పన్నెండున్నరకు, వాళ్లు కోరిన పాట వెయ్యడం మా ఆనవాయితీ. రెండు వారాల ముందే ఫారం నింపి ఇవ్వాలి. ఫారంతో పాటు ఒక సీసా. సీసా ఊసు ఫారంలో ఎక్కడా ఉండదు గానీ, వట్టి చేతులతో ఫారం తెచ్చినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. అక్టోబరు వచ్చేసరికి ప్లమ్ పండ్ల సారా కాచడం అయిపోతుంది, ఎవరింటి చెట్ల సారా వాళ్లకు అమృతం. వద్దంటే ఊరుకోరు. "మా చెట్టు పళ్లు నీ కంటికి ఆనలేదా?" అని నిలదీస్తారు. పోనీ ఇంటికి పట్టుకెళదామంటే మా ఆయన కాలేయం గురించి డాక్టరు ఇప్పటికే రెండుసార్లు కేకలేశాడు. పిత్తాశయం తీయించుకున్నాక నేను చుక్క ముట్టకూడదు. పారబొయ్యడానికి చేతులు రావు. అందుకని నిరుటి నుంచి వాటన్నిటినీ గదిలో ఉన్న బీరువాలో పెడుతూ వచ్చాను. రేడియోకి శబ్దం పెంచి పంపే పెట్టె, అదే యాంప్లిఫయరు, ఉండేది కూడా ఆ బీరువాలోనే. తాళంచెవి నా మెడలో ఉంటుంది.

ఆ బీరువాకి సరిగ్గా పైన మేయరు వెండెలిన్ గారు ఫ్రేము కట్టించి మరీ ఒక బోర్డు తగిలించారు. 'ఈ కార్యాలయమునందు కానుకలు ఇచ్చుట, పుచ్చుకొనుట నిషిద్ధము. అతిక్రమించిన ఉద్యోగి విధుల నుండి తొలగించబడును.' అలాంటి బోర్డు ఉంటేనే పైనుంచి నిధులు వస్తాయట. నాకు పింఛను ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది. కింద పదకొండు సీసాలు, పైన బోర్డు, మధ్యలో కుర్చీలో నేను.

అక్టోబరు మొదట్లో గాష్పర్ బాబాయ్ ఫారం పట్టుకుని వచ్చాడు. ఆయనకు ఎనభై నిండబోతున్నాయి. ఒకప్పుడు మా ఊరి బాజా బృందాన్ని నడిపించింది ఆయనే. ఏటా ఒకే పాట అడుగుతాడు. ఆయన భార్య ఇర్మా, చనిపోయి ఆరేళ్లయింది, బతికున్న రోజుల్లో ఆయన బృందంతో కలిసి ఊరి సాంస్కృతిక భవనంలో ఒకే ఒక్కసారి రికార్డు చేసిన పాట. ఆవిడ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. పుట్టినరోజు నాడు బాబాయ్ ఇస్త్రీ కోటు వేసుకుని, తన గేటు ముందున్న స్తంభం కింద నిలబడి వింటాడు. వాగు అవతల మూడో ఇల్లు ఆయనది, మా గది కిటికీలోంచి గేటు కనిపిస్తుంది.

"ఈసారి ఎనభై నిండుతున్నాయి కదమ్మాయ్, సీసా కూడా పెద్దది తెచ్చాను," అంటూ రెండు లీటర్ల పలకల సీసా బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్, దీన్ని ఎక్కడ పెట్టను?"

"కడుపులో పెట్టుకో."

కడుపులో వీలుకాక బీరువాలో పెట్టాను. ముందువరసలో చోటు లేక, యాంప్లిఫయరు వెనక సందులో గట్టిగా నెట్టి తలుపు మూశాను. మర్నాడు ఒక్క నీళ్ల ప్రకటనే ఉంది. మాటల్లేని బాజా వేసి, మైకులో చెప్పేశాను. శని, ఆదివారాలు ఊరికి విశ్రాంతి, నాకూ విశ్రాంతి.

సోమవారం మేయరుగారి ప్రసంగం. ఎన్నికలు మూడు వారాల్లో ఉన్నాయి. ఈసారి రోజూ వచ్చి మైకు ముందు కూర్చోవడం తన హోదాకి తక్కువని, ప్రసంగాన్ని కంప్యూటర్లో రికార్డు చేసి, దానికింద బాజా మేళం కలిపించారు. వేయిస్తానన్న కాలిబాట గురించి నాలుగు నిమిషాలు. రోజూ పన్నెండింటికి వెయ్యమని హుకుం. వేశాను. బాజా మోగింది. మేయరుగారు మాత్రం రాలేదు. బాగా చెవి పెట్టి వింటే, ఎక్కడో బావి అడుగునుంచి ఎవరో 'కాలిబాట... కాలిబాట...' అని మూలుగుతున్నట్టు వినిపించింది.

నాలుగు నిమిషాలూ ఊరంతా బాజా విన్నది. సాయంత్రం రొట్టెల కొట్టు దగ్గర ఇద్దరు నాతో అన్నారు, మేయరుగారు ఇన్నేళ్లలో ఇంత చక్కగా ఎప్పుడూ మాట్లాడలేదని.

మర్నాడు పోస్టాఫీసు సెరఫీనా వాళ్లమ్మ పుట్టినరోజు. పాటలో పాడేవాడు లేడు, ఫిడేళ్లు మాత్రం ఉన్నాయి. సెరఫీనా ఫోన్లో విరుచుకుపడింది.

"ఏమే ఓటిలియా, మా అమ్మకి డెబ్బై ఆరేళ్లొస్తే నువ్వు పాడేవాణ్ణి మింగేస్తావా? ఆవిడ ఇక్కడ చెవి మిషను తీసి నేలకేసి కొట్టింది, తనకే వినబడట్లేదనుకుని!"

"నేను మింగలేదే తల్లీ. కంప్యూటరు మింగింది."

"దాంతో కక్కించు మరి!"

ఆమె ఫోను పెట్టేసిన పది నిమిషాలకు గాష్పర్ బాబాయ్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అమ్మాయ్, మా పాట కూడా ఇలాగే అయిందా?" అన్నాడు. ఆ మాట నా బుర్రకు అప్పటిదాకా తట్టనే లేదు, సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఊళ్లో స్పీకర్ల మీట ఆపేసి, గదిలో ఉన్న ఒక్క స్పీకరులో వినిపించేలా పెట్టి, ఇర్మా పాట వేశాను.

బాకాలు వచ్చాయి, డోలు వచ్చింది, క్లారినెట్టు కులుకుతూ వచ్చింది. ఇర్మా రాలేదు. ఆవిడ పాడాల్సిన చోట పాట నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. అడుగున ఎక్కడో ఆవిడ నీడలాంటిది కదిలింది, అంతే.

బాబాయ్ చివరిదాకా విన్నాడు. "నా బృందం మొత్తం ఉంది," అన్నాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"రెండో చరణం ఇర్మా ముందే అందుకుంటుందమ్మాయ్. నేను చెయ్యి ఎత్తకముందే. రికార్డు చేసిన రోజు కూడా అదే పని చేసింది. అందరి ముందూ తిట్టాను. 'నువ్వు లేకపోతే ఈ పాట ఎంత శుభ్రంగా ఉండేదే' అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పుల్లటి కాబేజీ చారు కూడా పొరుగింట్లోనే తాగాల్సొచ్చింది. ఇప్పుడు చూడు, నేనన్నట్టే శుభ్రంగా ఉంది."

నిరుడు మేయరుగారు ఊరిని నవీనం చెయ్యడానికని పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, టేపుల్ని చెత్తడబ్బాలో పడేస్తూ ఊరి పత్రికకి ఫొటో దిగారు. ఇర్మా టేపైనా ఉంచుదామని నేను అంటే, "గతాన్ని పట్టుకుని వేలాడకండి ఓటిలియాగారూ," అన్నారు. ఇప్పుడు కంప్యూటర్లో ఉన్నది చెడిపోతే ఆవిడ గొంతు ఇక లేనట్టే. బాబాయ్‌కి ఆ విషయం నాకన్నా ముందే అర్థమైంది.

మేయరుగారి బాధ వేరు. ఆయనకు ఇది కుట్ర. "నా గొంతు ఒక్కటీ ఎలా పోతుంది? బాజా ఎందుకు పోలేదు? ఎవరో కావాలని చేశారు!" అని ఎగిరి, బుధవారానికల్లా కమిటీ వేశారు. అధ్యక్షుడు ఆయనే. సభ్యులు అగ్నిమాపక దళం పెద్ద ఇమ్రిఖ్, పోస్టాఫీసు సెరఫీనా. నిపుణుడిగా జిల్లా పట్నం నుంచి ఇంజనీరు లుబోర్‌ని పిలిపించారు. లుబోర్ చంకలో కొత్త రేడియో వ్యవస్థ గురించి రంగురంగుల పుస్తకం పెట్టుకునే దిగాడు.

వచ్చీరాగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్నే సరైన ప్రశ్న. అది తర్వాత తెలిసింది. "యాంప్లిఫయరు ఎక్కడుంది?" అన్నాడు.

నా ప్రాణం పైకెళ్లిపోయింది. "దానికేం బాబూ, లక్షణంగా ఉంది. మైకులో నేను మాట్లాడితే స్పష్టంగా వినబడుతోందిగా? గొడవంతా కంప్యూటర్లోనే," అన్నాను.

"అవునవును, అది నిజమే," అన్నాడు ఇంజనీరు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అలా ఎనిమిది రోజులు కమిటీని ఆ బీరువా దరిదాపులకు రాకుండా కాపలా కాశాను. వాళ్లు ఆ వైపు తలతిప్పితే గసగసాల రొట్టె పెట్టాను. తాళం గురించి అడిగితే కాఫీ పోశాను.

కంప్యూటర్లో సౌండ్ ఎఫెక్టులు అని ఒక చిట్టా ఉంది. పాటని స్నానాలగదిలో పాడినట్టు, గుహలో పాడినట్టు, రాతి చర్చిలో పాడినట్టు, మురుగు గొట్టంలో పాడినట్టు మార్చొచ్చట. ఇవి ఎవరికి కావాలో నాకు తెలీదు గానీ, ఉన్నాయి. అందులో 'గొంతు తీసివేయి' అన్నది కూడా ఉంది. అది కనబడగానే మేయరుగారు కుర్చీలోంచి లేచిపోయారు.

"ఇదే! దొరికింది! ఎవరు నొక్కారు దీన్ని?"

"ఎవరూ నొక్కలేదండీ, దాని గడి ఖాళీగానే ఉంది," అన్నాడు లుబోర్.

"అయితే నొక్కి, మళ్లీ తీసెయ్యండి!"

నొక్కి తీశారు. ఏం మారలేదు. అప్పుడు ఇమ్రిఖ్, నిప్పుల్లో దూకిన మనిషికి భయమేముంటుంది, మిగతావన్నీ ఒక్కొక్కటే ఊరి మీద వేసి చూద్దామన్నాడు. గదిలోని చిన్న స్పీకరుతో తేలదు, ఊరంతా వినాలి, ఊరంతా చెప్పాలి అని వాదించాడు. ఓటు పెట్టారు. ముగ్గురికి ముగ్గురూ చేతులెత్తారు.

ఆ మూడు రోజులు మా ఊరు ఏం పాపం చేసిందో. గురువారం గుహ. శుక్రవారం స్నానాలగది. సోమవారం మురుగు గొట్టం. మేయరుగారి బాజా మురుగు గొట్టంలోంచి వినిపించేసరికి బళ్లో పిల్లలకి నవ్వాగక టీచరమ్మ సెలవిచ్చేసింది. సెరఫీనా కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి, కనీసం ఆమె అలా చెప్పింది. వాగు దగ్గర ఎవరో బావిలో పడ్డారని ఫోనొస్తే అగ్నిమాపక దళం బండేసుకుని వెళ్లింది. బండి నడిపింది ఇమ్రిఖే.

బాబాయ్ మాత్రం రోజూ వచ్చి మూల కుర్చీలో కూర్చునేవాడు. ఒక్కో ఎఫెక్టు వేసినప్పుడల్లా తల కొద్దిగా ముందుకు వంచేవాడు. ఎందులోనూ ఇర్మా రాలేదు.

"ఇంజనీరుగారూ, మేయరుగారిది పోతే పోయింది. మా ఇర్మా పాట అసలు లోపల ఉందో లేదో, అదొక్కటి చెప్పండి చాలు," అని ఒకరోజు అడిగాడు.

"అదెంతసేపు తాతగారూ, ఆ ఫైలు నా మిషన్లోకి తీసుకుని వింటే సరి," అన్నాడు లుబోర్.

మేయరుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "వీల్లేదు. వ్యక్తిగత సమాచార రక్షణ. గొంతు కూడా వ్యక్తిగత సమాచారమే. బయటి మిషన్లోకి ఎక్కించాలంటే ఆ వ్యక్తి సంతకం చేసిన అంగీకారపత్రం కావాలి. రెండు ప్రతులు."

"ఇర్మా పోయి ఆరేళ్లయింది వెండెలిన్," అన్నాడు బాబాయ్.

"నాకు తెలుసండీ. సమాధికి పూలు కూడా నేనే పంపాను. కానీ నియమం నియమమే కదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ గొంతున్న టేపుని చెత్తలో పడేసినప్పుడు ఈ రక్షణ ఎక్కడ చచ్చిందో అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. నా నెత్తిమీద బోర్డు, నా వెనక బీరువా. దొంగ సరుకు దాచుకున్నదానికి నీతులు చెప్పే నోరెక్కడిది?

తర్వాతి బుధవారానికి లుబోర్ పద్నాలుగు పేజీల నివేదిక రాశాడు. సారాంశం ఏమిటంటే కారణం తెలియదు, కొత్త వ్యవస్థ కొనాలి, పాత కంప్యూటర్లో ఉన్నవన్నీ చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టాలి. చెరిపెయ్యడం మర్నాడే, గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి. మేయరుగారు ఆ నివేదిక మీద అక్కడికక్కడే ముద్ర వేశారు.

గురువారం అంటే గాష్పర్ బాబాయ్ పుట్టినరోజు.

ఆ రోజు పదకొండింటికే వచ్చాడు, ఇస్త్రీ కోటులో, మెడకి టై కట్టుకుని. కమిటీ మొత్తం గదిలో ఉంది. లుబోర్ అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుని చేతులు రుద్దుకుంటున్నాడు. బాబాయ్ ఎవరితోనూ వాదించలేదు. నా పక్కన కుర్చీ లాక్కుని, "చెరిపేసేముందు ఒకసారి వెయ్యి అమ్మాయ్. బాజా ఒక్కటే వచ్చినా సరే. ఆ నీడైనా వింటాను," అన్నాడు.

"వేస్తాను బాబాయ్."

"నా సారా ఎలా ఉంది? నచ్చిందా?" అని మెల్లగా అడిగాడు, ఎవరూ వినకుండా.

"ఇంకా తెరవలేదు బాబాయ్. లోపల భద్రంగా ఉంది."

"ఆ పలకల సీసాతో జాగ్రత్త. మా పెట్టెలో అది ఎక్కడా ఇమడదు. దేన్నో ఒకదాన్ని నెట్టుకునే కూర్చుంటుంది."

అప్పుడు నాకు వెలిగింది. ఆ సీసా నేను యాంప్లిఫయరు వెనక నెట్టింది గురువారం. సోమవారానికి గొంతులు పోయాయి. మధ్యలో మాటల్లేని బాజా తప్ప నేను ఏ పాటా వెయ్యలేదు. కంప్యూటరు నుంచి వచ్చే వైరు గోడ కన్నంలోంచి బీరువాలోకి దూరి, సరిగ్గా ఆ సందులోంచే వెళుతుంది. మైకు వైరు పైనుంచి వస్తుంది, అందుకే నా గొంతుకేం కాలేదు. ఎనిమిది రోజులు కమిటీకి రొట్టెలు పెట్టి, కాఫీలు పోసి, ఆ ముసలాయన పెళ్లాం గొంతు మీద నేనే కాపలా కూర్చున్నాను.

చెప్పకుండా ఉండొచ్చు. ఒంటిగంట దాటితే కంప్యూటరు చెరిగిపోతుంది, కొత్త వ్యవస్థ వస్తుంది, సీసాలు ఒక్కొక్కటే సంచిలో ఇంటికి చేరతాయి, నాకు పింఛను వస్తుంది. నిజంగానే ఆ లెక్క నా బుర్రలో తిరిగింది, ఎంతసేపో చెప్పను. బాబాయ్ కోటు గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకున్నాడు. ఇర్మా ఉంటే సరిచేసేది. అది చూశాక లేచి నిలబడ్డాను.

"ఇంజనీరుగారూ, చేతులు తీయండి," అని, మెడలోంచి తాళంచెవి తీసి, బోర్డు కిందే బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచాను.

యాంప్లిఫయరు చుట్టూ పదకొండు సీసాలు, వెనకాల కొండలా బాబాయ్ పలకల సీసా. ఒక్కోదానికీ ఇచ్చినవాళ్ల గుర్తు ఉంది. మేయరుగారి ముఖం బీట్‌రూట్ రంగులోకి మారింది. "ఓటిలియాగారూ! ఇది... ఈ బోర్డు కింద... ఇది..."

"ఇదా అండీ?" అన్నాను. ఇక భయపడడానికి ఏం మిగల్లేదు. "ఈ ఎర్ర మూతది మీదే. మీ అమ్మగారి పాట రెండుసార్లు వెయ్యమని తెచ్చారు. వేశాను. ఈ గుడ్డ చుట్టింది ఇమ్రిఖ్‌ది, వాళ్ల మామగారి పాటకి తెచ్చాడు. ఈ తెల్ల కాగితం అంటించింది సెరఫీనాది. కాగితం మీద పోస్టాఫీసు ముద్ర కూడా ఉంది."

సెరఫీనా కిటికీలోంచి బయటికి చూడసాగింది. ఇమ్రిఖ్ తన సీసాని చూసి, "ఇంకా తెరవనే లేదా? నిరుటిది కదే అది!" అని నొచ్చుకున్నాడు. మేయరుగారు బోర్డు వైపు చూశారు, ఎర్ర మూత వైపు చూశారు, మళ్లీ బోర్డు వైపు చూశారు. నోరు తెరిచారు గానీ, ఆ వారమంతా రేడియోలో జరిగినట్టే, మాట రాలేదు.

నేను వంగి పలకల సీసాని రెండు చేతులతో బయటికి లాగాను. దాని కింద వైరు నలిగిపోయి ఉంది. యాంప్లిఫయరు వెనక ప్లగ్గు గోరంత బయటికి వచ్చేసి ఉంది. లుబోర్ మోకాళ్ల మీద కూర్చుని చూసి, తల పట్టుకున్నాడు.

"సగం గుచ్చిన ప్లగ్గు! కుడి, ఎడమ రెండిట్లోనూ ఒకేలా వచ్చేది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుందండీ. మధ్యలో నిలబడి పాడేవాళ్లు పోతారు, పక్కన ఊదేవాళ్లు మిగులుతారు. ఇది మొదటి రోజే చూడాల్సింది."

"ఎఫెక్టులో ఏమీ లేనట్టేనా?" అని ఇమ్రిఖ్ నీరసంగా అడిగాడు. అతనికి మురుగు గొట్టం నచ్చింది.

లుబోర్ బొటనవేలితో ప్లగ్గుని లోపలికి నొక్కాడు. 'టక్' మన్నది, అంతే. పద్నాలుగు పేజీల నివేదిక బల్ల మీద అలాగే పడి ఉంది. దాని కిందే తర్వాత మేయరుగారు తన చేత్తో రాశారు, 'సాంకేతిక కారణాల వల్ల తలెత్తిన లోపం కమిటీ కృషి వల్ల సరిచేయబడినది' అని. సీసాల ప్రస్తావన లేదు, చెరిపెయ్యడం ఊసూ లేదు.

కానీ ముందు పరీక్షించాలి కదా, ముందు తన ప్రసంగమే వెయ్యాలన్నారు మేయరుగారు. పన్నెండయింది, వేశాను. బాజా మీద ఆయన గొంతు ఉరుములా ఊరి మీద పడింది. 'ప్రియమైన పౌరులారా, కాలిబాట గురించి నేను ఇచ్చిన మాట...' ఆయన కళ్లు మూసుకుని తన్మయంగా విన్నారు. ముప్పై సెకన్లు తిరక్కుండా ఫోను మోగింది. చర్చి వీధి నుంచి ఒకావిడ.

"ఓటిలియా, రేడియో మళ్లీ చెడిపోయినట్టుందమ్మా. మాటలు వినబడుతున్నాయి."

ఆ నాలుగు నిమిషాల్లో అలాంటి ఫోన్లు తొమ్మిదొచ్చాయి. మేయరుగారికి ఎన్ని చెప్పాలో అన్నే చెప్పాను, అంటే ఒక్కటీ చెప్పలేదు.

బాబాయ్ అప్పటికే టోపీ పెట్టుకుని లేచాడు. "అమ్మాయ్, నేను ఇంటికి చేరేదాకా ఆగుతావా? నా స్తంభం కింద వింటాను. మోకాళ్లు మునుపటిలా లేవు, పాతిక నిమిషాలు పడుతుంది."

"పన్నెండున్నరకి కదా బాబాయ్ నీ పాట. నిమ్మళంగా వెళ్లు." లేచి వెళ్లి, కోటు గుండీ సరైన కన్నంలో పెట్టాను. ఆయన నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయాడు.

పన్నెండున్నర అయింది. కిటికీలోంచి చూస్తే ఆయన ఇంకా వంతెన మీదే ఉన్నాడు. మేయరుగారు గడియారం చూసుకున్నారు. "సమయం అయింది," అన్నారు. నేను కదల్లేదు. ఇమ్రిఖ్ కదల్లేదు, సెరఫీనా కదల్లేదు. లుబోర్ ఎందుకో లేచి నిలబడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి మా ఊరి రేడియో ఆలస్యమైంది, ఏడు నిమిషాలు.

బాబాయ్ గేటు చేరి, స్తంభం కింద నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను మైకులో ఆయన పేరు, ఎనభై ఏళ్లు, ఊరి తరఫున శుభాకాంక్షలు చెప్పి పాట వేశాను.

బాకాలు, డోలు, క్లారినెట్టు. ఆ వెంటనే ఇర్మా. కొంచెం ముక్కుతో, కొంచెం గడుసుగా, ఊరి మధ్యలో నిలబడి పాడుతున్నంత దగ్గరగా. సెరఫీనా ముఖం తిప్పుకుని ముక్కు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, ఏడ్చాను.

మొదటి చరణమంతా బాబాయ్ తల వంచుకుని కదలకుండా నిలబడ్డాడు. రెండో చరణం ముందు క్లారినెట్టు ఇంకా తన ముక్క పూర్తి చేయనే లేదు, ఇర్మా ఎప్పటిలాగే తొందరపడి అందుకుంది. గేటు దగ్గర బాబాయ్ చెయ్యి గాల్లోకి లేచింది, బృందం ముందు నిలబడ్డప్పటిలా, 'ఆగు, ఆగవే' అన్నట్టు.

తర్వాత ఆ చెయ్యి మెల్లగా కిందికి దించేశాడు. ఆవిణ్ణి పాడనిచ్చాడు.